రెండో ముహూర్తం

ముహూర్తం ఒకసారి తప్పిపోతే మళ్ళీ పంచాంగం తియ్యవలసిందే. మన ఇళ్ళల్లో ఆ పనికి సిద్ధాంతిగారు వుంటారు. ఇంగ్లీషు ప్రేమనవలల్లో ఆ పని రచయిత్రే చేసుకుంటుంది. ఇద్దరు పడుచువాళ్ళు ఒకరినొకరు ఇష్టపడతారు. పెద్దవాళ్ళో, డబ్బో, హోదానో, లేదంటే నోరుజారిన ఒక్క మాటో వాళ్ళని విడదీస్తుంది. వెంటనే అతగాడు ఓడ ఎక్కేస్తాడు. గమనించారో లేదో, ఈ నవలల్లో మగవాడికి మనసు విరిగితే ఓడే ఎక్కుతాడు. నావికాదళంలోకో, అమెరికాకో, మన ఇండియాకో వెళ్ళి, ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో పన్నెండేళ్ళకో తిరిగొచ్చి దిగుతాడు. ఆమె మటుకు వున్నచోటే వుంటుంది. అక్కణ్ణించి అసలు కథ. దీన్ని అక్కడివాళ్ళు 'సెకండ్ ఛాన్స్' కథ అంటారు. గుర్రపుబగ్గీలూ, కొవ్వొత్తుల వెలుగూ, నేలమీద జీరాడే గౌన్లూ వున్న కాలంలో జరిగితే అది చారిత్రక ప్రేమనవల కూడా అవుతుంది.

ఇటువంటివి నేను చాలానే చదివాను. దానికి సిగ్గుపడవలసిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు. ఐతే నన్ను పట్టి కూర్చోబెట్టేవి వాటిలో ఒక చిన్న తెగ. అందులో కథానాయికకి చెవులు వినపడవు, లేదా కాలు కుంటుతుంది, లేదా ఒంటిమీద కాలిన మచ్చలుంటాయి. మామూలు ప్రేమనవలలో అందం అనేది అద్దె ఇంటికి ముందుగా కట్టే అడ్వాన్సు లాంటిది. అది కడితేగానీ కథానాయికని కథలోకి రానివ్వరు. ఆ అడ్వాన్సులో కాస్త తరుగు పెట్టి వచ్చిన మనిషిని రచయిత్రి లోపలికి రమ్మంటుందా, వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడుతుందా అన్నది చూస్తే చాలు, ఆ నవల తాహతు ఏపాటిదో తేలిపోతుంది.

ఈ కథలన్నిటికీ అమ్మమ్మ జేన్ ఆస్టిన్ రాసిన 'పర్స్యుయేషన్'. ఆవిడ 1817 జులైలో కన్నుమూస్తే, పుస్తకం ఆ డిసెంబరు ఆఖరున వెలువడింది. ఏన్ ఎలియట్ అనే అమ్మాయి పందొమ్మిదో యేట వెంట్‌వర్త్ అనే నావికాధికారికి మాట ఇచ్చి, తల్లిలాంటి లేడీ రసెల్ చెప్పిన బుద్ధులు విని, ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. దాదాపు ఎనిమిదేళ్ళకి అతను ఇరవై అయిదువేల పౌనులు సంపాదించుకుని తిరిగివస్తాడు. ఆమెకి ఇరవై ఏడొచ్చాయి. ముఖంలో కళ తగ్గింది. ఆ నవల గొప్పదనం మళ్ళీ నేను చెప్పనక్కర్లేదు. కానీ చదివినప్పుడల్లా నా కన్ను ఓ మూలగది మీదికి పోతుంది.

బాత్ అనే ఊళ్ళో, వేడినీటి స్నానఘట్టాలకి దగ్గిరగా, మిసెస్ స్మిత్ అనే ఆవిడ అద్దెకుంటుంది. ఏన్‌కి బళ్ళో స్నేహితురాలు, మూడేళ్ళు పెద్దది. మొగుడు దుబారా చేసి, అప్పులు మిగిల్చి పోయాడు. ఆ పైన కీళ్ళజ్వరం తగిలి ఆవిడ కాళ్ళు పట్టు తప్పాయి. ముందుగదిలో వీధి రొద, వెనకగదిలో చీకటి. ఒక గదిలోంచి రెండో గదిలోకి వెళ్ళాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఇంత వుండీ ఆవిడ ముక్కు చీదుకుంటూ కూర్చోదు. రూక్ అనే నర్సు దగ్గిర అల్లిక నేర్చుకుంది. దారాల సంచులూ, గుండుసూదుల దిండ్లూ తయారుచేసి, ఆ నర్సు చేతనే కలిగినవాళ్ళ ఇళ్ళలో అమ్మిస్తుంది. వచ్చిన డబ్బుతో తనకంటే లేనివాళ్ళకి సాయపడుతుంది. పైగా ఊళ్ళో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో కుర్చీ కదలకుండానే ఆవిడకి తెలుసు. ఏన్‌ని పెళ్ళాడాలని చూస్తున్న పెద్దమనిషి ఎలాంటివాడో బయటపెట్టేది కూడా ఆవిడే.

తెలివి వుంది, హాస్యం వుంది, కష్టానికి లొంగని గుండె వుంది. ముప్ఫై యేళ్ళ వయసు. భర్త పోయినావిడ గనక రెండో ముహూర్తానికి ఏ అడ్డూ లేదు. కథానాయికకి ఇంకేం కావాలండీ! అయినా ప్రేమ ఆ వెనకగది గుమ్మం తొక్కదు. నవల చివర ఆవిడకి దక్కేవి రెండు: వెస్టిండీస్‌లో చిక్కుపడివున్న భర్త ఆస్తిని వెంట్‌వర్త్ పూనుకుని ఇప్పించడం, ఆరోగ్యం కొంచెం కుదుటపడడం. ఆస్టిన్‌ని తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆవిడ కథ ఏన్‌ది. కానీ ఆ తరవాత రెండువందల యేళ్ళలో ఈ తెగ నవలలు చేసిన మంచి పని అంతా మిసెస్ స్మిత్ కుర్చీని వెనకగదిలోంచి హాల్లోకి జరపడమే. కొందరు నిజంగా జరిపారు. కొందరు జరిపినట్టు చప్పుడు మాత్రం చేశారు.

మగవాడి విషయంలో ఈ ఇబ్బంది ఎన్నడూ లేదు. 1847లో వచ్చిన 'జేన్ అయిర్' చూడండి. జేన్ వెళ్ళిపోయి మళ్ళీ తిరిగివచ్చేసరికి రోచెస్టర్‌కి చూపు పోయింది, ఒక చెయ్యి పోయింది, నాయకత్వం మాత్రం పోలేదు. మన అరణ్యపర్వంలో నలుడు కర్కోటకుడి కాటుకి కురూపి అయి, బాహుకుడనే పేరుతో గుర్రాలశాలలో పడివుంటే, దమయంతి అతని చేతి వంట రుచిచూసి పోల్చుకుంటుంది. రూపం పోయినా మనిషిని పోల్చుకోగలిగే ప్రేమ ఆడదానికి వుంటుందని ఏ దేశపు కథకుడూ అనుమానించలేదు. మగవాడికి వుంటుందా అన్నదగ్గిరే వాళ్ళ ధైర్యం సడలింది. మన కుబ్జనే తీసుకోండి. చందనపు గిన్నె పట్టుకుని మధుర వీధిలో ఎదురైన ఆ మూడువంకల మనిషిని కృష్ణుడు పాదంతో పాదం అదిమి, గెడ్డం కింద వేళ్ళు పెట్టి పైకెత్తి నిటారుగా నిలబెట్టాడు. ఆ తరవాతే ఆమె అతన్ని ఇంటికి రమ్మంది. భక్తులు దానికి చెప్పుకునే అర్థం వేరు, దాని జోలికి నేను పోవడం లేదు. కథల అల్లికలో మాత్రం ఆ వరస పాతుకుపోయింది: ముందు ఒళ్ళు బాగవాలి, తరవాతే వలపు.

మా పిన్నికి పసితనంలోనే పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. మోకాలిమీద చెయ్యి ఆనించి నడిచేది. ఇంటికొచ్చిన వారపత్రిక ముందు ఆవిడ చేతుల్లోకే వెళ్ళేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సీరియల్ పైకి చదివి అందరికీ వినిపించేదీ ఆవిడే, మధ్యమధ్య పాత్రలని తిట్టేదీ ఆవిడే. నేను చదివే ఇంగ్లీషు నవలల కథలు నాచేత చెప్పించుకునేది. అవిటికాలు పిల్ల కథ అని మొదలుపెట్టగానే ఒకటే ప్రశ్న వేసేది.

"ఏవిరా, చివరికి కాలు బాగైపోతుందా?"

"బాగవుతుంది పిన్నీ. వియన్నానుంచి డాక్టరొస్తాడు."

"అయితే నాకొద్దులే. అది వేరేవాళ్ళ కథ."

అంతే, తమలపాకుల పళ్ళెం ముందుకి లాక్కునేది. విమర్శకులు పేజీలకి పేజీలు రాసి చెప్పే మాట ఆవిడ ఆకుకి సున్నం రాస్తూ తేల్చేసింది. ఆలోచిస్తే ఎంత నిజం! కథానాయిక కాలు ఆఖరి ప్రకరణంలో బాగైపోతే, ఇన్ని వందల పేజీలూ ఆ కాలితోనే చదివిన మనిషి గతేమిటి? అందర్నీ బండెక్కించుకుని బయల్దేరి, మధ్యలో ఏదో స్టేషన్లో ఆవిణ్ణి ఒక్కదాన్నీ దింపేసి వెళ్ళిపోయినట్టు కాదూ?

పాత నవలలు ఈ సంగతిలో నానా అవస్థా పడ్డాయి. డైనా క్రెయిక్ అని, 'జాన్ హాలిఫాక్స్, జెంటిల్‌మన్' రాసినావిడ, అంతకు ముందే 1850లో 'ఆలివ్' అనే నవల రాసింది. అందులో ఆలివ్‌కి పుట్టుకతోనే వెన్ను వంకర. కన్నతల్లే చూసి గతుక్కుమంటుంది. ఆ పిల్ల పెరిగి, బొమ్మలు గీసి సంపాదించి, తల్లిని పోషించి, చివరికి ఒక భార్య పోయిన పెద్దమనిషిని పెళ్ళాడుతుంది. ఆ రోజుల్లో అంత రాయడం సాహసమే. కానీ పేజీలు తిరిగేకొద్దీ ఆ వంకర క్రమంగా పలచబడుతుంది. జుట్టు కప్పేస్తుంది, బట్టలు కప్పేస్తాయి, ఆఖరికి రచయిత్రే మరిచిపోయిందేమో అనిపిస్తుంది. వైద్యుడు రాకుండానే వైద్యం జరిగిపోయిందన్నమాట.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగినవాడు విల్కీ కాలిన్స్. 1872లో ఆయన 'పూర్ మిస్ ఫించ్' వచ్చింది. లూసిల్లా అనే అమ్మాయికి పసితనంనుంచీ చూపు లేదు. ఆమె ప్రేమించిన ఆస్కార్‌కి మూర్ఛవ్యాధి. దానికి వాడిన వెండి మందు పడక అతని ఒళ్ళంతా నీలంగా మారిపోతుంది. కల్పన అనుకునేరు, వెండి లవణాలు ఎక్కువకాలం పుచ్చుకుంటే చర్మం నిజంగానే అలా రంగు తిరుగుతుంది. ఇంతలో జర్మనీ వైద్యుడొచ్చి ఆమెకి చూపు తెప్పిస్తాడు. చూపొచ్చాక ఆమె ఎవరినని చూస్తుంది? ఆస్కార్ కవల సోదరుడు నేనే ఆస్కార్‌నని చెప్పి ఎదురుగా నిలబడతాడు. కళ్ళున్నన్నాళ్ళూ ఆమె మోసపోతుంది. మళ్ళీ చూపు పోయాక, చెయ్యి తగలగానే అసలు మనిషిని పట్టేస్తుంది. ఇంకోసారి ఆపరేషన్ చేస్తామంటే వద్దంటుంది. కథలో కట్టుకథలు చాలానే వున్నాయి, నమ్మడానికి కొంచెం పెద్దమనసు కావాలి. అయినా ఈ కథ చెప్పినప్పుడు మా పిన్ని ఆకులు పక్కనపెట్టి రెండోసారి మొదటినుంచీ చెప్పించుకుంది.

ఇక మన కాలపు నవలలకి వద్దాం. లీసా క్లెపాస్ అనే అమెరికన్ రచయిత్రి 2004లో 'ఎగెయిన్ ది మ్యాజిక్' రాసింది. 1832లో హాంప్‌షైర్‌లోని ఒక ఎర్ల్‌గారి భవనం. ఆయన కూతురు ఆలీన్, అక్కడే పనివాడుగా పెరిగిన మెక్కెన్నా ప్రేమించుకుంటారు. తండ్రికి తెలిసింది. కుర్రాణ్ణి తండ్రి కోపంనుంచి తప్పించాలని ఆలీన్ అతనితో, నీమీద నాకు ఎన్నడూ ప్రేమ లేదని అబద్ధం ఆడి పంపేస్తుంది. అతను ఊరొదిలి, చివరికి అమెరికా చేరతాడు. తరవాత ఆమె గౌను అంటుకుని కాళ్ళు కాలిపోతాయి. చావు తప్పుతుంది గానీ మచ్చలు మిగులుతాయి. పన్నెండేళ్ళకి అతను న్యూయార్కు ధనవంతుడై, పగ తీర్చుకోవాలని వస్తాడు. ఆమె ఎవరికీ చూపించని ఆ కాళ్ళు అతనికీ చూపించకూడదని పట్టుపడుతుంది. అతను దగ్గిరైనా సరే, దీపం వద్దంటుంది.

గౌన్లు అంటుకోవడం అనేది రచయిత్రి సౌకర్యంకోసం తెచ్చిపెట్టిన ప్రమాదం అనుకోకండి. ఆ శతాబ్దంలో అది ఇంటింటి భయం. లాంగ్‌ఫెలో కవిగారి భార్య ఫానీ 1861లో బట్టలంటుకుని చనిపోయింది. ఆర్పబోయిన ఆయన ముఖం కాలింది. మనం బొమ్మల్లో చూసే ఆ పెద్ద గెడ్డం ఆ మచ్చలు కనబడకుండా పెంచినదే. మనకీ ఈ భయం కొత్తేమీ కాదు. కిరసనాయిలు స్టవ్ అంటుకుందన్న వార్త మన దినపత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు! పోయినవాళ్ళ పేరు వేస్తారు. బతికి, మెడదాకా కొంగు కప్పుకుని, పెళ్ళిళ్ళకి రావడం మానేసినవాళ్ళ సంగతి ఆ వార్తలో వుండదు. ఆలీన్ కథ చదువుతున్నంతసేపూ నాకు హాంప్‌షైర్ కనబడలేదు, అటువంటి ఒకరిద్దరి మొహాలే కనబడ్డాయి.

ఈ నవలమీద నాకు పెద్ద ఫిర్యాదే వుంది. ఆ మచ్చలని క్లెపాస్ తాళం వేసిన ట్రంకుపెట్టెలాగా వాడుకుంది. ఎప్పుడు తెరుస్తుందా, చూసి అతనేమంటాడా అని మనచేత పేజీలు తిప్పిస్తుంది. దీపం ఆర్పే వ్యవహారం ఒకసారైతే సరే, మళ్ళీ మళ్ళీనా? సినిమావాళ్ళు ఈ చిట్కా ఎప్పుడో అరగదీశారు. లియో మెకేరీ 1939లో తీసి, మళ్ళీ తనే 1957లో 'ఎన్ అఫైర్ టు రిమెంబర్'గా తీసిన కథ అదే కదా. కలుసుకుందామన్న చోటికి పరుగెత్తుతూ కారు కిందపడి కాళ్ళు పోగొట్టుకున్న అమ్మాయి ఆ సంగతి ప్రియుడికి చెప్పదు. సోఫామీద దుప్పటి కప్పుకుని కూచుంటుంది. హిందీలో 1965లో 'భీగీ రాత్' గానూ, 1999లో 'మన్' గానూ మనవాళ్ళూ ఆ దుప్పటి కప్పారు. ఈ కథల్లో ఆడపిల్ల మౌనాన్ని త్యాగం అంటారు. అక్కడే నాకు ఒళ్ళుమండుతుంది. తన ప్రేమ ఎంతవరకూ తట్టుకోగలదో చెప్పే అవకాశం అతనికి ఇవ్వకపోవడం త్యాగం ఎలా అవుతుంది?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ ప్రశ్న క్లెపాస్‌కి తెలుసు. అందుకే ఈ నవలని నేను పక్కన పడెయ్యలేకపోయాను. మొదటి అబద్ధం, రెండో దాపరికం ఒకే పోతలోంచి వచ్చినవి. పన్నెండేళ్ళ కిందట అతని మేలుకోసం అని అతని తరఫున తనే నిర్ణయం చేసింది. ఇప్పుడూ అదే పని చేస్తోంది. అప్పుడు ఆమె కాళ్ళు బాగానే వున్నాయి గనక, తప్పు కాళ్ళది కాదని మనకి స్పష్టంగా తెలుస్తుంది. రెండో ముహూర్తం పెట్టించేది అతను మచ్చలని క్షమించడం కాదు. క్షమించడానికి అవేం నేరమా! ఆమె మొదటిసారిగా అతన్ని అడగకుండా తీర్పు చెప్పడం మానుకుంటుంది, ఆ గౌను తనే పైకి తీస్తుంది. ఆ ఒక్క ఘట్టం కోసం మధ్యలోని సాగతీతని, చెల్లెలి ప్రేమకథ పేరిట ఖర్చయిన పేజీలని భరించవచ్చు.

కానీ నేను ఎవరికైనా ఒకే ఒక్క పుస్తకం అరువివ్వాలంటే ఇచ్చేది ఇది కాదు. మేరీ బాలోగ్ 1997లో రాసిన 'సైలెంట్ మెలొడీ'. బాలోగ్ వేల్స్‌లో పుట్టి, కెనడా వెళ్ళి, బడిపంతులమ్మగా పనిచేస్తూ నవలలు మొదలుపెట్టినావిడ. కథాకాలం పద్ధెనిమిదో శతాబ్దం. ఎమిలీకి పసితనంలో జ్వరమొచ్చి వినికిడి పోయింది, దాంతోబాటు మాటా పోయింది. అక్కగారి మరిది ఆష్లీ ఆమెకి స్నేహితుడు. ఇద్దరూ కలిసి ఒక సొంత సైగల భాష కల్పించుకుంటారు. ఆ వయసులోనే ఆమె మనసు అతనిది. అతను కంపెనీ కొలువుకి ఇండియా వెళ్ళిపోతాడు, అక్కడ పెళ్ళి చేసుకుంటాడు. ఏడేళ్ళకి, అగ్నిప్రమాదంలో భార్యనీ బిడ్డనీ పోగొట్టుకుని, సగం మనిషై తిరిగివస్తాడు. వచ్చేది ఎప్పుడనుకున్నారు? ఎమిలీకి వేరొక ప్రభువుతో సంబంధం ఖాయం కాబోతున్న సమయానికి.

ఇంతవరకూ పంచాంగం ప్రకారమే నడిచింది. ఆ తరవాత బాలోగ్ చేసిన పని చూడండి. ఆష్లీ తన దుఃఖమంతా ఎమిలీ దగ్గిర వెళ్ళబోసుకుంటాడు. ఎందుకు? ఆమె వినలేదు గనక! పెదవుల కదలిక చూసి గ్రహిస్తుంది, మధ్యలో అడ్డురాదు, ఎదురు చెప్పదు, నలుగురిలో చాటదు. మగవాడికి ఇంతకన్నా హాయి అయిన శ్రోత ఎక్కడ దొరుకుతుంది! మన ఇళ్ళలోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు. చెవుడు వున్న అత్తయ్యో, మాటరాని మేనత్తో, అందరి రహస్యాలూ ఆవిడ ఒళ్ళో పోసి లేచిపోతారు. ఆవిడకీ చెప్పుకునేదేదో వుంటుందని ఎవరికీ తోచదు. ఆష్లీకీ తోచలేదు. ఇన్నేళ్ళూ తన మాటలే ఆమెకి చెప్పుకున్నాడుగానీ ఆమె మాటలు వినలేదన్న సంగతి అతనికి తట్టడానికి సగం నవల పడుతుంది. నా లెక్కన ఈ నవలలో చెవుడు ఆ మొదటిసగం నిండా అతనిదే.

రెండో గొప్ప సంగతి: ఆమె వద్దంటుంది. తొందరపాటులో హద్దు దాటాక ఆష్లీ మర్యాదగా పెళ్ళి ప్రస్తావన తెస్తాడు. డ్యూకుగారి తమ్ముడు, కలవాడు, తను చిన్ననాటినుంచీ ప్రాణంగా చూసుకున్న మనిషి. వినపడని, మాట్లాడలేని పిల్లకి కాళ్ళదగ్గిరికి నడిచొచ్చిన సంబంధం. చుట్టూవున్నవాళ్ళు కళ్ళకద్దుకోవాలనుకుంటారు. అటు ఖాయం కాబోతున్న సంబంధాన్నీ, ఇటు దీన్నీ కూడా ఆమె వదిలేస్తుంది. బాధ్యతగా చేసుకుంటానన్న పెళ్ళి ఆమెకి అక్కర్లేదు. అవిటి పిల్లకి కాదనే హక్కు వుందని ఇంత నిదానంగా, ఉపన్యాసం లేకుండా చూపించిన ప్రేమనవల నేను మరొకటి చదవలేదు. సానుభూతి నవలల్లో ఆ పిల్లకి దక్కేది కృతజ్ఞత. ఇక్కడ దక్కింది గర్వం.

లోపాలు లేవని కాదు. ఎమిలీ శ్రమపడి కొన్ని మాటలు పలకడం నేర్చుకుంటుంది. ఇది కుబ్జకి జరిగిన వైద్యమే పక్కవాకిట్లోంచి రావడం కాదా అని నాకు కాసేపు కోపమొచ్చింది. మళ్ళీ చరిత్ర చూస్తే తగ్గింది. ఆ కాలంలో నిజంగానే ఈ తగువు నడిచింది. 1760లో ఎడింబరోలో థామస్ బ్రెయిడ్‌వుడ్ వినపడని పిల్లలకి బడి తెరిచి మాట పలికించడం నేర్పాడు. ఇంచుమించు అదే రోజుల్లో పారిస్‌లో లెపే అనే మతగురువు వాళ్ళకి సైగలతోనే చదువు చెప్పాడు. పలికించాలా, సైగే భాషగా ఒప్పుకోవాలా అన్న వాదం ఆ తరవాత వందేళ్ళకి పైగా సాగింది. బాలోగ్ రెండూ వుంచింది. ఎమిలీ చెవులు తెరుచుకోవు. ఆమె నేర్చుకున్న మాటలు ఆమె కోరి నేర్చుకున్నవి. అందుకని సగం ఒప్పుకుంటాను. చివరి భాగంలో చనిపోయిన భార్య గతం చుట్టూ అల్లిన మిస్టరీ మాత్రం ఏ నవలలోనైనా అతికించగలిగిన అతుకే. ఇండియా కూడా అంతే. ఓడ వెళ్ళడానికీ రావడానికీ ఒక రేవు కావాలి గనక వుంది.

అన్నట్టు, అదే బాలోగ్ 2012లో 'ది ప్రొపోజల్' రాసింది. గ్వెన్ అనే ఆవిడ గుర్రంమీంచి పడి కాలు విరిగి, కడుపులో బిడ్డనీ పోగొట్టుకుంది. ఎముక సరిగ్గా అతకక కుంటుతుంది. భర్తా పోయాడు. ఇక్కడ రెండో ముహూర్తం పాత ప్రేమికుడితో కాదు, బతుకుతోనే. ఈ నవలలో నాకు నచ్చింది ఒకటే, ఆ కుంటుగురించి పెద్ద హంగామా లేకపోవడం. ఆవిడ నడుస్తుంది, కుంటుతుంది, మాట్లాడుతుంది, పోట్లాడుతుంది. 1867లో కీళ్ళజ్వరం వచ్చి యువరాణి అలెగ్జాండ్రా మోకాలు బిగుసుకుపోతే, ఆవిణ్ణి చూసి లండన్ ఫ్యాషన్ స్త్రీలు కావాలని కుంటుతూ నడిచారట. కుంటులో తప్పు లేదు, ఎవరు కుంటుతున్నారన్నదే లోకానికి కావాలి!

ఆ మాట మీద ఇంకొక సంగతి ఎత్తక తప్పదు. ఆలీన్, ఎమిలీ, గ్వెన్, ముగ్గురూ ఎర్లుల ఇంటి ఆడపడుచులే. కాలికి నూనె రాయడానికి దాదులున్నారు, ఎక్కడానికి బగ్గీలున్నాయి. అవిటితనం వాళ్ళ మనసుని కోస్తుందిగానీ వాళ్ళ కంచంలో అన్నాన్ని ముట్టుకోదు. మిసెస్ స్మిత్‌కి అలా కాదు. ఆవిడ సూదిదిండు అమ్ముడుపోతేనే చేతిలో నాలుగు డబ్బులాడేవి. ఆవిణ్ణి కథానాయికగా పెట్టి, ఆ అద్దెగదికి ఓడ దిగినవాణ్ణి రప్పించి, నర్సు రూక్ చేత కబురు పంపించే నవల కోసం నేను ఇంకా వెతుకుతూనే వున్నాను.

మరొక చిన్న చిరాకు కూడా చెప్పేస్తాను. నా అలమరాలో వున్న ఈ తెగ పుస్తకాల అట్టలు మొన్న వరసగా పేర్చి చూశాను. ఒకదానిమీదా కర్ర లేదు, కాలిన మచ్చ లేదు, సైగ చేస్తున్న చెయ్యి లేదు. అందరూ నున్నటి భుజాలతో, గాలికెగిరే గౌన్లతో, పరుగెత్తడానికి సిద్ధంగా వున్నారు. అట్ట గీసినాయన లోపలి కథ చదివినట్టు లేడు.